మేకుకున్న చొక్కాను బొంతలో కుట్టిన పుణ్యాత్మురాలిని

కత్తెర పట్టి నేను చెడగొట్టిన బట్టలకు లెక్క లేదు. ఒక పెళ్ళికూతురి జాకెట్టుకు రెండు చేతులూ ఎడమవైపువే కుట్టిన ఘనత కూడా నాదే. అవన్నీ నవ్వి మరిచిపోయే సంగతులు. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం కొంప ముంచిన సంగతి. నవ్వు వస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. ఇన్నేళ్ళుగా నేనూ నవ్వడానికి ప్రయత్నిస్తూనే ఉన్నాను.

అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. జగిత్యాలలో మా మేనత్త ఇంట్లో ఉండి ఆరు నెలలు కుట్టుపని నేర్చుకుని సిరిసిల్లకు తిరిగొచ్చాను. ఆ ఆరు నెలలకే, లోకంలో చినిగిన ప్రతిదాన్నీ నేనే కుట్టాలన్న పిచ్చి పట్టుకుంది. మా వాడలో కొందరు ఆడవాళ్ళు తీరిక వేళల్లో పాతబట్టలతో బొంతలు కుట్టి సర్కారు దవాఖానలో రోగులకు ఇచ్చేవాళ్ళు. నేనూ పోయి చేరాను. రెండో రోజే పెత్తనం మొదలుపెట్టాను. ‘బొంతల సంఘం’ అని పేరు పెట్టి బోర్డు రాయిద్దామన్నాను. అందరూ కలిసి నా నోరు మూయించారు. సంఘం అన్న మాట వినిపిస్తే చాలు, వాడ ముందు జీపు ఆగే కాలం అది. అడవిలో ఉన్న అన్నలకు అన్నం ఎవరు పెట్టారని పోలీసులు, పోలీసులకు మంచినీళ్ళు ఎవరిచ్చారని అన్నలు ఆరా తీసేవాళ్ళు. మీ పిల్లలు అడవిలో ఉంటే లొంగిపొమ్మని చెప్పండని పోలీసులు జీపులో మైకు పెట్టి మరీ తిరిగేవాళ్ళు.

మా బొంతలకు పెద్ద దిక్కు పోశవ్వ. మగ్గాలకు నూలు కండెలు చుట్టి బతికేది. భర్త పోయి చాలా కాలమైంది, ఉన్నది ఒక్కడే కొడుకు రాజేశం. అతను భీవండికి మగ్గాల పనికి పోయాడని చెప్పేది. మా ఊరి నుంచి భీవండికి పోయినవాళ్ళు ప్రతి వాడలోనూ ఉన్నారు కాబట్టి నేను నమ్మాను. మూడేళ్ళలో ఒక్క ఉత్తరం రాకపోయినా నమ్మాను. భీవండి మాట ఎత్తగానే ఆడవాళ్ళంతా తలలు దించుకుని గబగబా కుట్టేవాళ్ళు. పని మీద ఎంత శ్రద్ధో అని ముచ్చటపడ్డాను. మా వాడలో ఆ రహస్యం తెలియనిది ఇద్దరికే అని తర్వాత తెలిసింది. ఒకరు పోలీసులు, రెండోది నేను.

బొంత కుట్టడం పెద్ద విద్యేమీ కాదు. కింద ఒక చీర, పైన ఒక చీర పరిచి, మధ్యలో చినిగిన ధోతులు, లంగాలు, చొక్కాలు పొరలు పొరలుగా పేర్చి, నలుగురూ నాలుగు వైపులా కూర్చుని దబ్బనంతో కుట్టుకుంటూ పోవడమే. పోశవ్వ మాత్రం రెండు నియమాలు పెట్టింది. రోగి ఒంటికి గుచ్చుకోకుండా గుండీలన్నీ తీసేయాలి. బట్ట ఎవరిదో అడిగిన తర్వాతే కత్తెర పెట్టాలి. ఆరు నెలలు జగిత్యాలలో చదివొచ్చిన నాకు ఆమె నియమాలు ఏం ఆనుతాయి?

ఇరవయ్యో బొంతకు పొరలు చాలలేదు. పోశవ్వ కండెల దగ్గర ఉంది. తన ఇంట్లో దండెం మీద పాతబట్టల మూట ఉందని, తెచ్చుకొమ్మని చెప్పింది. పోయాను. మూట తీసుకున్నాను. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. గోడకు ఒక మేకు, ఆ మేకుకు ఒక చొక్కా కనిపించింది. ముదురు నీలం రంగు, దుమ్ము పట్టి ఉంది, మెడ దగ్గర చెమట మరక. రెండు జేబులకూ రెండు పెద్ద గుండీలు. పాపం, ముసలావిడ ఉతకడం కూడా మరిచిపోయిందని జాలిపడి దాన్నీ చంకన పెట్టుకున్నాను. పొరలో సమంగా పడాలని చేతులు కత్తిరించి, కాలరు తీసేసి మధ్యలో పరిచాను. తొందరలో జేబు గుండీలు అట్లాగే వదిలేశాను. ఆ సాయంత్రమే ఇరవై బొంతలూ దవాఖానకు చేరాయి.

మర్నాడు పొద్దున్నే పోశవ్వ మా గడపలో నిలబడింది.

“మేకుకున్న అంగి ఏది బిడ్డా?”

నేను గర్వంగా, “బొంతల కలిపిన పోశవ్వా. ఎవలికో ఎచ్చగ ఉంటది, నీకే పుణ్యం” అన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్ని. గడప మీద కూలబడి, చాలా మెల్లగా చెప్పింది.

“వాడు భీవండి పోలేదు బిడ్డా. అన్నలల్ల కలిసిండు. పోయిననాడు ఇప్పి మేకుకు ఏసిన అంగి గది. వాని వాసన పోతదని మూడేండ్లు నీళ్ళు తగలనియ్యలే.”

ఇప్పుడే పోయి తెస్తానని ఆమెను లాక్కుని దవాఖానకు పరుగెత్తాను. ఇరవై బొంతల్లో అది ఏదో ఎట్లా తెలియాలి? గుండీలు! నేను తీయని ఆ రెండు గుండీలే దిక్కు. రోగుల మీది బొంతలను వరుసగా తడుముతూ పోయాం. కోరుట్ల నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చిన నర్సమ్మ అడ్డంపడి ఏం చేస్తున్నారని నిలదీసింది. నా తెలివి అంతా ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చింది. బొంతలో సూది మరిచిపోయామని చెప్పాను.

అంతే. సూది అన్న మాట ఒక మంచం నుంచి ఇంకో మంచానికి పోయేసరికి దబ్బనమైంది. ఆ చివరికి చేరేసరికి పది దబ్బనాలయ్యాయి. నడవలేనివాళ్ళు లేచి నడిచారు. కాలికి కట్టు కట్టిన ఒకాయన ఆ కట్టుతోనే బొంతను తన్నాడు. అంత త్వరగా రోగులను లేపిన డాక్టరు ఆ దవాఖానలో అంతకు ముందు లేడు. పంతొమ్మిది బొంతలు వరండాలో కుప్ప పడ్డాయి. అన్నీ తడిమాం. గుండీలు లేవు.

ఇరవయ్యోది చివరి మంచం మీద ఉంది. దాని కింద జ్వరంతో ముడుచుకుని పడుకున్న మనిషి కానిస్టేబుల్. పక్కన కుర్చీలో తుపాకి పట్టుకుని ఇంకో కానిస్టేబుల్.

“సూది గాదు, పాము ఉన్నా గీ బొంత ఇయ్య” అన్నాడు మంచం మీది పిల్లవాడు. పిల్లవాడే, రాజేశం ఈడు ఉంటుంది. సారంగాపూర్ దిక్కు రైతుబిడ్డనని, వారం రోజులకు ఇప్పుడే చలి తగ్గిందని చెప్పాడు.

నేను నడుముకు దోపుకున్న కత్తెర తీసి, ఇక్కడే విప్పి చూపిస్తానన్నాను. అవును, తుపాకి ముందు. ఆ చొక్కా బయటపడితే ఇది ఎవరిదని అడుగుతారన్న ఆలోచన నా బుర్రకు తట్టలేదు. పోశవ్వ నా మణికట్టు పట్టుకుంది. కండెలు చుట్టిన చెయ్యి, ఇనుములాగా బిగిసింది. రెండో చేత్తో బొంత మీద మెల్లగా రాసి, ఆ పిల్లవాడి ఛాతి దగ్గర ఆగింది.

“సూది లేదు బిడ్డా, గుండీలు. నా కొడుకు పాత అంగి లోపలున్నది.”

“ఏడుంటడవ్వా నీ కొడుకు?”

“భీవండిల.”

బొంతను అతని మెడ దాకా లాగి, అంచు మడిచి, ఆమె బయటికి నడిచింది. ఆ తర్వాత ఎవరినో చూడాలన్న వంకతో రోజూ దవాఖానకు పోయేది. ఆ మంచం పక్కన కాసేపు నిలబడి వచ్చేది. ఒకరోజు పోయేసరికి మంచం ఖాళీగా ఉంది. జ్వరం తగ్గిందట. బొంత బాగుందని అడిగి తీసుకుని, ఎల్లారెడ్డిపేట అవతల పోలీసు క్యాంపుకు పోయాడట.

ఆ మాట విని పోశవ్వ నవ్వింది. ఆమె నవ్వడం నేను చూసింది అదొక్కసారే.

“లొంగిపోతె బతుకుతడని ఎన్ని మొక్కులు మొక్కిన బిడ్డా. వాడు లొంగలే. వాని అంగి పోయి లొంగిపాయె.”

మరుసటి ఏడు రాజేశం ఇంటికి వచ్చాడు. ట్రాక్టర్‌లో, తెల్లబట్టలో చుట్టుకుని వచ్చాడు. కడసారి ఒంటిమీద కప్పడానికి ఇంట్లో అతని బట్ట ఒక్కటీ లేదు. ఎవరో కొత్త చొక్కా తెచ్చి వేశారు. భుజాల దగ్గర వదులైంది. కుట్టుపని వచ్చినదాన్ని కదా, అది నా కంటికే కనిపించింది. పోశవ్వ అతని వైపు కాకుండా ఖాళీ మేకు వైపు చూస్తూ ఏడ్చింది.

కాబట్టి పాఠకులారా, నా కుట్టుమిషన్ మీద, నా కత్తెర మీద, జగిత్యాలలో వెలగబెట్టిన నా ఆరు నెలల విద్య మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. మేకుకున్న చొక్కాను అడగకుండా ఇంకెప్పుడూ ముట్టను. మా ఆయన చొక్కా అయినా సరే, ఉతకడానికి తీసే ముందు ఇది ఎవరిది అని అడుగుతాను. ఎదురుగా నిలబడి ఉన్నాను కదా, ఇంకెవరిది అని ఆయన రోజూ విసుక్కుంటాడు. విసుక్కోనీ. మనిషి ఎదురుగా ఉన్నాడని ఆ నోటి నుంచే వినాలి నేను.