పైకప్పు మీద నేనిచ్చిన తీర్పు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆట నడిపించడానికి నాకున్న అర్హత అదొక్కటేనని మా అక్క అంటుంది.

హైదరాబాద్ హాస్టల్లో ఉన్నప్పుడు నేర్చుకున్న ఆట ఇది. బల్ల మీద పెద్దగా ఏమీ ఉండదు. లావుపాటి నిబంధనల పుస్తకం, నాలుగు కాగితాలు, ఇరవై ముఖాల పాచిక. ఒకరు మంత్రగత్తె అవుతారు, ఇంకొకరు కత్తి పట్టిన వీరుడు. వాళ్లు ఎక్కడున్నారో, ఎదురుగా ఏముందో గేమ్ మాస్టర్‌గా నేను చెబుతాను. ఏం చేస్తారో వాళ్లు చెబుతారు. అవుతుందో కాదో అనుమానమొస్తే పాచిక వేస్తాం. పాచిక మీద పడిన అంకెకు అర్థమేమిటో మళ్లీ నేనే తేల్చాలి. ఆ పనంటే నాకు మహా ఇష్టం. నా మాటకు ఎదురుండని చోటు అదొక్కటే.

చదువయ్యాక గోదావరిఖనికి తిరిగొచ్చి రక్తపరీక్షల ల్యాబులో చేరాను. ఆదివారం మధ్యాహ్నాలు అక్కవాళ్ల క్వార్టర్లో ఆట మొదలుపెట్టాను. ఆడేది ముగ్గురు: అక్క, బావ, మా ల్యాబులో నాకన్నా సీనియర్ అయిన సారు. సారుది మంథని, తరతరాలుగా గుడి పని చేసిన ఇల్లు. పుస్తకంలో ఉన్నదాన్ని ఎవరైనా అటూ ఇటూ చేస్తే ఆయన ఊరుకోడు. బావ పదహారేళ్లుగా బొగ్గుగనిలోకి దిగుతున్నాడు.

బావతో ఒకటే తంటా. గుహ కనిపించినా, సొరంగం కనిపించినా అడుగు పెట్టేముందు చెయ్యి ఎత్తి, "ఆగుండ్రి. కట్టెతోని రూఫు కొట్టి చూస్తున్న" అనేవాడు. భూమి లోపల పనిచేసేవాళ్ల అలవాటు అది. చప్పుడు విని పైన రాయి గట్టిగా ఉందో, పొర విడిచిందో కనిపెడతారు. ఒకసారి రాజుగారి దర్బారులోకి పిలిస్తే అక్కడా కట్టె ఎత్తాడు. అక్క నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది.

ఆ రోజుల్లో బావ సర్దార్ పరీక్షకు తయారవుతున్నాడు. షిఫ్టు వాళ్లు పనిలోకి వెళ్లేముందు పైకప్పు, గాలి చూసి, పోవచ్చో పోవద్దో చెప్పే మనిషి సర్దార్. రాత పరీక్ష ఎప్పుడో పాసయ్యాడు. మౌఖిక పరీక్షలోనే రెండుసార్లు పోయింది. తెలియక కాదు. "సరైన జవాబే చెప్తడే," అని అక్క నాతో వాపోయింది, "ఎదురుంగ కూసున్న ఆఫీసరు మొఖం చిట్లిస్తె చాలు, కాద్సార్ అనుకుంట మాట మార్చేస్తడు." మూడోసారి పరీక్ష ఒక గురువారం పెట్టారు. ఈసారీ పోతే మళ్లీ పరీక్షకే వెళ్లనని బావ తేల్చి చెప్పేశాడు.

దానికి ముందు ఆదివారం ఆటలో పాత సొరంగం ఒకటి వచ్చింది. బావ మామూలుగానే కట్టె ఎత్తాడు. పాచిక వేయమన్నాను. రెండు పడింది. అంతకన్నా హీనం ఒకటే.

"కప్పు బాగనే ఉంది," అన్నాను.

"చప్పుడు ఎట్లొచ్చింది మరదలా? కంగుమన్నదా, డొల్లగ వచ్చిందా?"

"రెండు పడ్డది బావా. నీకు తెల్వలే, అంతే."

బావ కాసేపు పాచికను చూశాడు. "తెల్వకపోతె బాగున్నట్టెట్లయితది? నేను అడ్డం నిలబడ్డ. ఎవ్వలు లోపటికి పోవద్దు."

సారు వెంటనే పుస్తకం తెరిచాడు. "అట్ల కుదరదు బాబూ. పాచిక ఓడినంక నీ పాత్రకు అనుమానమే రావద్దు. ముందుకు పోవుడే." ఇద్దరూ నావైపు చూశారు. టైమవుతోంది, నేను వారమంతా కూర్చుని కట్టిన కథంతా సొరంగం అవతల ఉంది. నాకు చిర్రెత్తింది. "బావా, జరుగు. రూలు రూలే," అన్నాను, మొఖం చిట్లించి మరీ.

"సరె తియ్ మరదలా, నువ్వంటె సరే," అని బావ జరిగాడు. అందరూ లోపలికి వెళ్లారు, కప్పు కూలింది, బావ పాత్ర చచ్చిపోయింది. ఆయన నవ్వుతూనే తన కాగితం మడిచి చాయ్ పెట్టడానికి లేచాడు. అక్క మాత్రం నవ్వలేదు. ఎందుకో నాకు అప్పుడు తట్టలేదు.

మర్నాడు ల్యాబులో ఒక రక్తం నమూనా గడ్డకట్టి వచ్చింది. మిషను అంకె చూపించలేదు. అలాంటప్పుడు 'నార్మల్' అని రాయం. మళ్లీ రక్తం తీయాలని రాస్తాం. రాస్తూ రాస్తూ నా చెయ్యి ఆగిపోయింది. చూడలేకపోయినదాన్ని బాగుందని చెప్పకూడదని రోజూ నా చేత్తో రాస్తూ, నిన్న బావకు ఏం చెప్పాను? సంచిలోంచి పుస్తకం తీశాను. పాచిక ఓడితే పాత్ర ప్రమాదాన్ని గమనించదని మాత్రమే ఉంది. గమనించనివాడు ఆగకూడదని ఎక్కడా లేదు. అది సారూ నేనూ కలిసి అతికించిన ముక్క. పైగా అధికారి మొఖం చిట్లిస్తే జరిగిపోయే మనిషిని, పరీక్ష నాలుగు రోజులుందనగా, నేనే మొఖం చిట్లించి జరిపాను.

భోజనం డబ్బా అలాగే వదిలేసి అక్కవాళ్లింటికి షేర్ ఆటో ఎక్కాను. బావ సెకండ్ షిఫ్టుకు బూట్లు తొడుక్కుంటున్నాడు.

"నిన్న తప్పు తీర్పిచ్చిన," అన్నాను.

"ఆటనే గదనే. గింత దానికి పరుగెత్తుకొస్తరా?"

"నిన్న ఎందుకు జరిగినవ్ బావా?"

"నువ్వు పెద్దదానివి గద, ఆటల."

"నీ మాటే కరెక్టు. నాది తప్పు. తప్పు చెప్పేటోళ్లు గూడ మొఖం గట్లనే చిట్లిస్తరు," అన్నాను. బావ బూటు తాడు బిగించి కట్టాడు. టైమైందని డ్యూటీకి పోయాడు. నేను మేలు చేశానో, ఉన్న ధైర్యం కూడా పోగొట్టానో అర్థం కాలేదు.

గురువారం నా చేతిలో ఏ పనీ నిలవలేదు. సారు రెండుసార్లు నా సీసాల మీద పేర్లు సరిచేసి, "పాసైతడు లే," అన్నాడు. ఆయన గొంతులోనూ ధైర్యం లేదు. సాయంత్రం ఫోన్ మోగింది. బావ.

"అదే అడిగిండ్రు మరదలా. చప్పుడు తేలుతలేదు, పెద్దసారు పంపుమంటుండు, ఏం జేస్తవ్ అని. అడ్డం నిలబడ్త అన్న. అడిగినాయన మొఖం చిట్లించిండు. మూడుసార్లు అడిగిండు."

"నువ్వు?"

"మూడుసార్లు గదే జెప్పిన. జరుగలే. పాసైనోళ్ల లిస్టుల నా పేరుంది."

నేను స్టూలు మీద కూలబడ్డాను. నాలుగు రోజుల బరువు ఒక్కసారి దిగితే ఒళ్లు తేలిపోయింది, ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. రక్తం ఇవ్వడానికి వచ్చిన ముసలవ్వ నన్ను చూసి, "ఏమైంది బిడ్డా, మంచిదేనా?" అంది. మంచిదే అవ్వా అన్నాను.

ఫోన్ అక్క తీసుకుంది.

"పదారేండ్ల సంది ఎవలో చూసి పొమ్మంటె పోయిండు," అంది. "ఇగ ఈయన వద్దంటె ఎవ్వలు పోరు."