అలయన్స్ లీడర్ షిఫ్టు దిగిన రోజు

2008లో పాల్వంచ బస్టాండు దగ్గర నాకు ఆరు సిస్టమ్‌ల నెట్ సెంటర్ ఉండేది. మా నాన్న వేంసూరు దిక్కు ఒక ఊరికి పటేల్, అంటే సర్కారు తరఫు గ్రామాధికారి. ఆ పదవులు రద్దయ్యాయి, భూములూ పోయాయి. నేను మాత్రం ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా లేకుండా ఏనాడూ సెంటర్ తెరవలేదు. అందరూ పటేల్ సార్ అనే పిలిచేవారు. నేను వద్దనలేదు.

సామ్యేలు థర్మల్ స్టేషన్‌లో ఆపరేటర్. షిఫ్టుకు ముందోసారి, దిగాక మరోసారి వచ్చి కిటికీ పక్క సిస్టమ్ ముందు కూర్చునేవాడు. అతను ఆడేది బ్రౌజర్ గేమ్, అంటే కంప్యూటర్‌లో ఏమీ ఎక్కించకుండా నెట్‌లోనే ఆడే ఆట. ఊళ్లు కట్టాలి, ధాన్యం నింపాలి, దండు పెంచాలి. మనం లేచిపోయినా ఆట ఆగదు, శత్రువు ఎప్పుడైనా మీద పడొచ్చు. అందుకే ఆటగాళ్లు అలయన్స్ అనే కూటమి కడతారు. కిన్నెరసాని అనే పేరుతో ఆడే సామ్యేలు అలాంటి కూటమికి లీడర్. చెన్నైవాళ్లు, పుణేవాళ్లు, మలేషియాలో ఒక టీచరమ్మ, అందరూ ఇతని మాట మీద నడిచేవారు.

ఆ క్రిస్మస్‌కు చర్చిలో అతని కూతురు మొదటిసారి ఒక్కతే నిలబడి పాట పాడింది. సరిగ్గా ఆ ఉదయమే అలయన్స్ మీద దాడి జరిగింది. సామ్యేలు నా సెంటర్‌లోనే ఉండిపోయాడు. ఆరాధన అయ్యాక అతని భార్య రూతమ్మ పండుగ చీరతోనే నేరుగా వచ్చింది.

"పటేల్ సార్, ఆ కంప్యూటర్ల నాకు, నా బిడ్డకు గూడ ఒక ఇల్లు కట్టియ్యమని చెప్పుండ్రి. ఆడనన్న ఈయన మొఖం చూస్తం."

సామ్యేలు తల ఎత్తలేదు. "పిల్ల ఏడ్సిందా?" అన్నాడు.

"ఏడిస్తే బాగుండు. నాన్న రాడని నాకు ముందే తెలుసన్నది."

మర్నాడు అతను వచ్చి, కూర్చోకుండానే చెప్పాడు. "సార్, ఐడీ డిలీట్ చేస్తున్న. ఇగ ఖతం."

"నీ లీడర్ సీట్ల ఎవరు కూసుంటరు?"

"ఎవరో ఒకరు. నాకేంది?"

"ప్లాంటుల షిఫ్టు గిట్లనే దిగుతవా?"

నవ్వేశాడు. "రిలీవర్ రాకుండ ఎట్ల లేస్త సార్!" రిలీవర్ అంటే తరువాతి షిఫ్టు మనిషి. అతను వచ్చి చార్జి తీసుకునేదాకా ఆపరేటర్ కుర్చీ వదలడు.

"పటేల్‌గిరీ పోయిననాడు మా నాన్న, ఎవరో వచ్చి సర్కారు ముద్ర అడిగేదాక ఆగలే. తలపాగా చుట్టి, తనే పోయి ఆఫీసర్ చేతుల పెట్టిండు. తల దించుకొని రాలే" అన్నాను.

సామ్యేలు కూర్చున్నాడు. ఇక నుంచి టీచరమ్మే లీడరని అందరికీ రాశాడు. ఎవరి దగ్గర ధాన్యం తక్కువో, ఏ పొరుగువాణ్ణి నమ్మొద్దో ఆమెకు విడిగా తెలియజేశాడు. ఇంతలో చెన్నైవాడొకడు, పిరికివాడిలా పారిపోతున్నావని ఎగతాళి చేశాడు. సామ్యేలు మొహం ఎర్రబడింది.

"సార్, వీని ఊరు ఒక్కటి కొట్టి పోత. ఒక్కటే!"

"చార్జి ఇచ్చినంక స్విచ్చు ముట్టుకుంటవా?"

వేళ్లు కీబోర్డు మీంచి వెనక్కి తీసుకున్నాడు. అంతా నేను చూసుకుంటాను, నిశ్చింతగా వెళ్లండని టీచరమ్మ జవాబు వచ్చింది. అప్పుడు ఐడీ తీసేసి, లాగౌట్ అయ్యి, కుర్చీ లోపలికి జరిపి, లేచాడు.

ఈస్టర్ ముందు కూతురిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె పాడబోయే పాట ప్రింటు కావాలన్నాడు. కిటికీ పక్కన ఇంకెవరో అదే ఆట ఆడుతున్నారు. సామ్యేలు కాసేపు చూసి, "ధాన్యం అయిపోవచ్చింది, చూస్కో తమ్మీ" అని ఇవతలికి వచ్చేశాడు.

"నాన్నా, నీ రాజ్యం ఇదేనా?" అంది పిల్ల, సెంటరంతా కలియజూస్తూ.

"కాదు బిడ్డా, ఇది పటేల్ సార్‌ది."

ఆట మాన్పించడం నెట్ సెంటర్‌వాడి పని కాదు. కానీ ఆ తరువాత ఐడీ తీసేయాలని నా దగ్గరికి ఎవరు వచ్చినా, చార్జి ఎవరికిచ్చావని ముందు అడిగేవాణ్ణి. చెప్పకుండా మాయమైనవాళ్లు కొన్నాళ్లకే మళ్లీ వచ్చి కూర్చున్నారు. అప్పజెప్పి లేచినవాళ్లు ప్రింటు కోసం వచ్చారు, నాతో మాట్లాడిపోవడానికి వచ్చారు. ఆ కుర్చీలో మాత్రం కూర్చోలేదు.