సవుకు తోపులో కర్పూరం

మా చిన్నప్పుడు సవుకు తోపు అమ్మాలంటే మా అవ్వ ముందుగా కొబ్బరి చీపుర్లు విప్పేది... పుల్లల్ని నూరు చొప్పున కట్టలు కట్టి, సంచిలో వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని, పట్నంలో మేముండే వాషర్‌మెన్‌పేటలో రైలెక్కేది. మీంజూరులో దిగి ఎండలో కాసేపు నడిస్తే మా తోపు. కోస్తా వాళ్లు సరుగుడు అంటారే, ఆ చెట్లే.

ఒక్కో చెట్టు బెరడులో ఒక్కో పుల్ల గుచ్చుకుంటూ పోవాలి. ఎన్ని పుల్లలు ఖర్చయితే అన్ని చెట్లు... మర్చిపోవడం, రెండుసార్లు లెక్కపెట్టడం అనే మాటే ఉండదు. ఆ లెక్క చెట్లు కొట్టించే మేస్త్రీ మునిరత్నం మామకు చెబితే సరి. చెట్టుకింతని ఆ లెక్క మీదే డబ్బు. ఆయన మళ్లీ లెక్కపెట్టుకునేవాడు కాదు. కాగితం లేదు, సంతకం లేదు.

"అమ్మ చెప్పినాక ఇంకేముండాది?" అనేవాడు. మా తాత పోయినప్పటి నుంచీ ప్రతి కోతా ఆయనదే.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, తొంభైల మొదట్లో, ఒక ఎండాకాలం అవ్వకు మోకాళ్లు పట్టేశాయి. "పడమటి పక్క నువ్వు గుచ్చేసి రా అమ్మణ్ణీ, నీకు తెలీందా" అని కట్టలు నా చేతిలో పెట్టి తను గట్టు మీద కూర్చుంది. ఇక చూడండి నా గొప్ప... కాళ్లు నేలమీద ఆనలేదు.

అంతా బాగానే గుచ్చాను. చివర్లో పది చెట్లు మిగిలాయనగా, ఎదురుగా పాము కుబుసం! ఇంకా తడిగా మెరుస్తోంది. చేతిలో ఒక నిండు కట్ట మిగిలి ఉంది. దాన్ని సర్కారు తుమ్మ పొదలోకి విసిరికొట్టి, వెనక్కి చూడకుండా పరుగెత్తాను.

"పుల్లలన్నీ అయిపోయినాయా?" అంది అవ్వ.

"అయిపోయినాయవ్వా."

పిరికిదాన్నంటారని చెప్పిన అబద్ధం అది. లేని తొంభై చెట్లు మా లెక్కలోకి ఎక్కాయని ఆ క్షణంలో నాకు తట్టనే లేదు.

కోత ముగిసిన రోజు మా చిన్నాన్న కూడా మాతో తోపుకు వచ్చాడు. ఈ మేస్త్రీని మార్చి కొత్త పార్టీకి ఇద్దామని ఆయన ఎప్పటినుంచో పోరుతున్నాడు. చివరి లారీకి మోకు బిగిస్తుంటే మునిరత్నం మామ తలగుడ్డ విప్పి అవ్వ దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, ఈ తూరి తొంభై చెట్లు తగ్గినాయి. యాడో లెక్క తప్పినట్టుండాది."

చిన్నాన్న గయ్యిమన్నాడు. "ఇన్నేండ్లు తప్పని లెక్క ఇప్పుడు తప్పిందా? మేం ల్యానప్పుడు ఒక లోడు పంపించేసినావు. అంతే కదా?"

కూలీలు పని ఆపేశారు. లారీ మీదున్న ఒకడు గొడ్డలితోనే కిందికి దిగాడు. మునిరత్నం మామ అతన్ని చేత్తో ఆపి, "మొదళ్లు ఉండుంటే ఎంచి చూపిస్తును. వేర్లతో సహా తవ్వి పూడ్చేస్తిమే" అన్నాడు.

సవుకులో అంతే... వేర్లూ వంటచెరుకే. ఆయన మాట నిజమని చూపడానికి ఆ నేలలో ఆనవాలే మిగల్లేదు. ఉన్న సాక్షిని నేనొక్కదాన్నే. చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకుంటూ అవ్వ కొంగు పట్టుకుని నిలబడ్డాను.

"అయితే కర్పూరం కొట్టు" అన్నాడు చిన్నాన్న.

వెలిగించిన కర్పూరాన్ని అరచేత్తో కొట్టి ఆర్పి సత్యం చేయడం. మా వైపు దానికి మించిన ప్రమాణం లేదు. అబద్ధమాడితే వంశం ఆరిపోతుందంటారు. ఎంత పగవాణ్ణయినా ఊరికే అడగరు.

అవ్వ "ఛీ, ఏం మాటరా అది" అంటుందనుకున్నాను. మునిరత్నం మామ కూడా అలాగే అనుకున్నట్టున్నాడు... ఆమె ముఖం వైపే చూస్తూ నిలబడ్డాడు.

అవ్వ సంచిలోంచి, పూజకని తెచ్చిన కర్పూరం పొట్లం తీసింది.

ఆయన పొట్లం అందుకున్నాడు. రాయి మీద బిళ్ల పెట్టి తనే వెలిగించాడు. "ఒక్క చెట్టు దొంగతనంగా తీసుకునుంటే నా బిడ్డలు నాకు ల్యాకుండా పోనీ" అని ఫట్‌మని కొట్టాడు. నాకు ఏడుపొచ్చేసింది. ఎవరూ పట్టించుకోలేదు, చిన్నపిల్ల భయపడిందనుకున్నారు.

తిరుగు రైల్లో చిన్నాన్న వేరే చోట కూర్చున్నాడు. ఎణ్ణూరు దాటాక అవ్వకు అంతా చెప్పేశాను. కొడుతుందనుకున్నా. కొట్టలేదు. తిరువొత్తియూరు రాగానే నా రెక్క పట్టుకుని దిగిపోయి, నేరుగా మునిరత్నం మామ ఇంటికి నడిచింది.

ఆయన అప్పుడే లారీలో వచ్చి వాకిట్లో కూర్చుని ఉన్నాడు. అరచేతికి కొబ్బరినూనె రాసుకుంటున్నాడు.

"తప్పు ఈ పిల్లది, మునిరత్నం. పాము కుబుసం చూసి భయపడి పుల్లలు పారేసిందంట. మనసులో పెట్టుకోబాక" అంది అవ్వ. ఆమె గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

ఆయన నన్ను దగ్గరికి పిలిచి తల నిమిరాడు. ఇంట్లోకి కేకేసి మాకు మజ్జిగ తెప్పించాడు. తర్వాత అవ్వతో మెల్లగా అన్నాడు.

"పసిబిడ్డ, పాముకు భయపడింది. మీరు దేనికి భయపడినారమ్మా?"

అవ్వ మజ్జిగ తాగకుండానే లేచింది.

తర్వాతి కోతకు ఎంత కబురు పెట్టినా ఆయన రాలేదు. చిన్నాన్న తెచ్చిన కొత్త పార్టీ స్టాంపు కాగితాలతో వచ్చింది. చెట్లకు రంగు నంబర్లు వేశారు, ఇద్దరు సాక్షులు సంతకాలు పెట్టారు. అవ్వ మాత్రం మళ్లీ ఆ తోపులో అడుగు పెట్టలేదు.

ఇప్పుడు అన్నిటికీ కాగితాలున్నాయి. మంచిదే, వద్దని నేననను... కానీ "మీరు చెప్పినాక ఇంకేముండాది" అనే మనిషి నాకు మళ్లీ తగల్లేదు.

మీకూ ఉందా, చెప్పాల్సిన చోట నోట్లోనే ఆగిపోయిన మాట? ఉంటే ఇక్కడ చెప్పుకోండి. నేను చెప్పింది నాలుగు స్టేషన్లే ఆలస్యంగా... అప్పటికే ఆయన చెయ్యి కాలింది.