“ఎస్ సార్” అంటే దిగని విమానం

మన పిల్లలు విమానాల నిండా కెనడాలో దిగుతున్న సంవత్సరాలవి. సస్కటూన్‌లో మా ఇంటి బేస్‌మెంట్‌లో కరీంనగర్ వైపు అమ్మాయి ఒకతె అద్దెకుండేది. తోటి పిల్లలు కంప్యూటర్సో, బిజినెస్సో చదువుతూ సాయంత్రాలు కాఫీ షాపుల్లో పనిచేస్తుంటే, ఈ పిల్ల విమానం నడపడం నేర్చుకోవడానికి వచ్చింది. అందుకు మా ప్రాంతం అనుకూలమే. ఇక్కడి నేల ఎంత చదునంటే, మా పక్కింటాయన చేతిలోంచి జారిన గోళీ గాలికి దొర్లుకుంటూ పక్క ప్రావిన్స్‌కి పోయింది. నమ్మకపోతే ఆయన్నే అడగండి. కాకపోతే గోళీ వెతకడానికి వెళ్ళినాయన ఇంకా తిరిగి రాలేదు.

పిల్ల నేర్చుకుంటున్నది ఊరికి కాస్త దూరంలో ఉన్న చిన్న విమానాశ్రయంలో. దాని పేరు చెప్పను. అక్కడి టవర్ ఆయనతో నాకు తర్వాత స్నేహం కలిసింది.

విమానం నడపడంలో ఆమెకు వంక పెట్టడానికి లేదు. చిక్కంతా రేడియో దగ్గరే. ఏ రన్‌వే మీద దిగాలో, ఎవరి వెనక రావాలో టవర్‌లోని కంట్రోలర్ చెబుతాడు. పైలట్ తన విమానం పేరు చెప్పి, ఆ మాటల్నే తిరిగి అప్పజెప్పాలి. దాన్ని రీడ్‌బ్యాక్ అంటారు. మన పిల్ల మాత్రం ఏం చెప్పినా “ఎస్ సార్” అని ఊరుకునేది.

“ఎవరా ఎస్ సార్?” అని ఆయన ఆకాశాన్నంతా అడిగేవాడు.

“నేనే సార్” అనేది.

చివరికి ఇన్‌స్ట్రక్టరమ్మ తేల్చి చెప్పేసింది. ఈసారి రీడ్‌బ్యాక్ సరిగ్గా రాకపోతే ఒంటరిగా ఎగరనిచ్చేది లేదు, వేరే చదువు చూసుకోవచ్చు అని. ఒంటరిగా ఎగరని వాళ్ళకు లైసెన్స్ రాదు. పిల్ల ఆ సాయంత్రం మా వంటింట్లో దిగాలుగా కూలబడింది.

“విన్నమాట తిరిగి చెప్పడానికి ఏం కష్టమమ్మా?” అన్నాను.

“అట్లంటరేంది అంకుల్! మా నాయన ‘తలుపెయ్’ అంటె నేను గూడ ‘తలుపెయ్’ అన్ననుకో, ఎక్కిరిస్తున్నవా అని వీపు పగలగొడ్తడు. ఆ టవర్ సార్ గొంతు మా నాయనకన్న పెద్దోని లెక్కుంది.”

అదీ సంగతి. పెద్దవాళ్ళు మాట చెబితే మన ఇళ్ళల్లో తలూపాలి. ఆ మాటే తిరిగి అంటే పొగరు. రేడియోలో తలూపితే కనపడదు కనుక పిల్ల ఎస్ సార్ అంటోంది.

మా ఆవిడ రంగంలోకి దిగింది. ఆవిడది భీమవరం. ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు కదలాలో చెప్పడంలో ఆవిడకున్న అనుభవం ఏ టవర్‌కూ లేదు. పిల్ల చేతికి పప్పుగిన్నె ఇచ్చి, డైనింగ్ టేబుల్‌ను రన్‌వే చేసింది.

“పప్పుగిన్నే, కుడివైపు నుంచి రా. ఫ్రిజ్ దగ్గర మీ అంకుల్ అడ్డంగా ఉన్నారు. ఆయన తప్పుకున్నాక దించు.”

“సరే ఆంటీ.”

“సరే ఏంటమ్మా, సరే! నేనేం చెప్పాను?”

“ఫ్రిజ్ దగ్గర అంకుల్ ఉన్నరన్నరు.”

“ఉన్నారని కాదు, అడ్డంగా ఉన్నారని. మొహమాటపడకు, ఉన్నదున్నట్టు చెప్పు.”

“నేను పెరుగు తీసుకుంటున్నా” అన్నాను.

“మిమ్మల్నెవరూ అడగలేదు. పెళ్ళైన దగ్గర్నుంచీ ఊఁ తప్ప ఇంకో మాట విన్లేదు నేను. మీ సంగతి తర్వాత చూస్తాను.”

కొద్దిరోజుల్లోనే పిల్ల గాడిలో పడింది. మరీ ఎక్కువగానే పడింది. “ఆ గరిటె అందుకో” అంటే, “గరిటె అందుకుంటున్న, పప్పుగిన్నె” అనేది. తన మాట ఒకరు పొల్లుపోకుండా వినడం మా ఆవిడకు కొత్త. రోజుకో కూర ఎక్కువ వండడం మొదలుపెట్టింది.

పరీక్షలాంటి ఆ రోజు ధైర్యానికి నేను కూడా ఉండాలంది పిల్ల. ఇన్‌స్ట్రక్టరమ్మ ఒప్పుకుని నన్ను వెనక సీట్లో కుదేసింది. మన షేర్ ఆటో ఇంతకన్నా విశాలంగా ఉంటుంది. కింద పసుపు ఆరబోసినట్టు ఆవాల జాతి కనోలా చేలు. ఎదురుగా ఒకదానికొకటి అడ్డంగా రెండు రన్‌వేలు. మేం సూటిగా వస్తున్నదాని పేరు టూ సిక్స్. అడ్డంగా ఉన్నది త్రీ ఫోర్. దాని మీద ఇంకో విమానం ఎగరడానికి సిద్ధంగా నిలబడి ఉంది.

అప్పుడు టవర్ పెద్దాయన గొంతు సవరించుకుని, మా విమానాన్ని పేరు పెట్టి పిలిచి, త్రీ ఫోర్ మీద దిగమన్నాడు.

మాది టూ సిక్స్ కదా! ఇన్‌స్ట్రక్టరమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని పిల్లనే చూస్తోంది. ‘ఎస్ సార్’ ఆమె నాలుక చివరిదాకా వచ్చి ఉంటుంది. నా నాలుక మీదికైతే వచ్చేసింది. తప్పు చెప్పారని పెద్దాయనతో అనే ధైర్యం మా ఇద్దరికీ లేదు.

పిల్ల బటన్ నొక్కింది. విమానం పేరు చెప్పి, “క్లియర్డ్ టు ల్యాండ్, రన్‌వే త్రీ ఫోర్” అని ఆయన మాటను అక్షరం పోకుండా ఆయనకే అప్పజెప్పింది.

రేడియోలో దగ్గు వినిపించింది. “కరెక్షన్. రన్‌వే టూ సిక్స్” అన్నాడు. పిల్ల దాన్నీ అప్పజెప్పి, టూ సిక్స్ మీద వెన్నలా దించింది.

విమానం పక్కకు వచ్చి ఆగగానే ఇన్‌స్ట్రక్టరమ్మ బెల్ట్ విప్పుకుని, నన్ను కూడా దిగమంది. పిల్ల వైపు తిరిగి, “ఒక రౌండ్. ఒంటరిగా” అని తలుపు వేసింది. నా కాళ్ళు వణకలేదు. గాలికి ప్యాంటు ఊగింది, అంతే.

కంచె దగ్గర మా ఆవిడ కాచుకుని ఉంది. ఇన్‌స్ట్రక్టరమ్మ చేతి రేడియో పెట్టగానే ముగ్గురం దాని మీదికి వంగాం. పిల్ల ఎగిరింది, చుట్టి వచ్చింది, చెప్పిన ప్రతి మాటా అప్పజెప్పింది, దిగింది. చక్రాలు నేలను తాకగానే మా ఆవిడ నా చెయ్యి గిల్లింది.

రేడియోలో పెద్దాయన గొంతు మెత్తబడింది. “బ్యూటిఫుల్ ల్యాండింగ్. ఫస్ట్ సోలో కదా? కంగ్రాచ్యులేషన్స్!”

పిల్ల క్షణం కూడా తడుముకోలేదు. విమానం పేరు చెప్పి, “బ్యూటిఫుల్ ల్యాండింగ్, ఫస్ట్ సోలో, కంగ్రాచ్యులేషన్స్” అని గంభీరంగా అప్పజెప్పింది.

ఇన్‌స్ట్రక్టరమ్మ కంచె పట్టుకుని వంగిపోయింది. టవర్‌లో ఏదో కుర్చీ కిర్రుమన్న చప్పుడు. కాసేపటికి పెద్దాయన నవ్వు ఆపుకుంటూ అన్నాడు:

“రీడ్‌బ్యాక్ కరెక్ట్.”