కనెక్షన్ ఇవ్వని మైకు

బ్యాంజో వాయించే ఒక మనిషి జీవితం మీద ఈమధ్య ఒక సినిమా వచ్చింది. బెంజ్ సర్కిల్ దగ్గర హాల్లో నేనూ చూశాను. చివర్లో హీరో ఒంటరిగా కూర్చుని వాయిస్తుంటే కుర్రాళ్లు సెల్‌ఫోన్ లైట్లు వెలిగించి ఊపారు. నా పక్క సీట్లో ఉన్నాయన కళ్లు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను. ఆరోజు నాకు వచ్చిన కన్నీళ్ల మీద ఇప్పుడు నాకు పెద్ద గౌరవం లేదు.

గవర్నర్‌పేటలో ఒక మేడ మీద గది అద్దెకు తీసుకుని ఆర్కెస్ట్రా నడుపుతున్నాను. పెళ్లిళ్లు, రిసెప్షన్లు, ఓణీల ఫంక్షన్లు మా బతుకుతెరువు. మా దగ్గర ఒకప్పుడు బ్యాంజో ఉండేది. మన వైపు బ్యాంజో అంటే పొడుగాటి చెక్కపెట్టె, దాని మీద టైపు మిషన్ మీటల్లాంటి మీటలు. ఎడమచేత్తో మీటలు నొక్కుతూ కుడిచేత్తో తీగలు మీటాలి. కవ్వాలీల్లోనూ భజనల్లోనూ అది లేనిదే పాట మొదలయ్యేది కాదు. మాకు వాయించిన ఆయనది వన్‌టౌన్. కుట్టుమిషన్లు రిపేరు చేసేవాడు. నాకంటే పెద్దవాడు, నేను భాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను మాష్టారూ అనేవాడు. తన వాయిద్యం గురించి గొప్పలు చెప్పుకోవడంలో ఆయన్ని మించినవాడు లేడు. గాయకుడు గొంతు సవరించుకుంటుంటే, "మీరు పాడకపోయినా నష్టం లేదు, నేనున్నాగా" అనేవాడు.

మా లైన్లో ఎవరినీ పనిలోంచి తీసెయ్యరు. ఫోన్ చెయ్యడం మానేస్తారు, అంతే. కీబోర్డులో బ్యాంజో మోత కూడా వచ్చేశాక నేను ఆయనకి ఫోన్ చెయ్యడం మానేశాను. ఆయనా అడగలేదు.

సినిమా ఆడుతున్న రోజుల్లో మా వాళ్లందరికీ టీకొట్టు దగ్గర అదే చర్చ. దీంతో బ్యాంజోకి మళ్లీ రోజులొస్తాయా రావా అని. మా తబలా ఆయన తేల్చేశాడు.

"ఎడ్లబండి మీద సినిమా తీస్తే జనం ఎడ్లు కొంటారా ఏంటి?"

"కొనరు. పెళ్లికొడుకుని ఊరేగించడానికి అద్దెకి తెస్తారు" అన్నాడు కీబోర్డు అబ్బాయి.

అందరం పొట్టలు పట్టుకుని నవ్వాం. భాయ్‌కి ఫోన్ మానేసింది నేనే కాబట్టి, వాళ్ల మాట అబద్ధమని నిరూపించాల్సిన అవసరం ఆ కొట్టు దగ్గర నాకొక్కడికే ఉందని అప్పుడు తట్టలేదు.

ఆ వారమే పామర్రు నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. కూతురి నిశ్చితార్థం. "సినిమాలో బ్యాంజో పాట పెట్టాలండీ. స్టేజీ మీద బ్యాంజో కనపడాలి. పెద్ద వయసు మనిషైతే ఇంకా బాగుంటుందండీ, అచ్చం సినిమాలోలాగా." అలాగేనండీ అన్నాను. ఆ పాట సినిమాలో విన్నట్టే రావాలంటే కంప్యూటర్‌లో ట్రాక్, అంటే ముందే రికార్డు చేసిన వాయిద్యాలు, వెయ్యడం తప్ప మార్గం లేదు. ఈ రోజుల్లో చాలా పాటలు మేము అలాగే చేస్తాం. ఆ పాటకి బ్యాంజో వినపడనవసరం లేదు, కనపడితే చాలు. ఈ సంగతి భాయ్ ఇంటికి బయలుదేరేటప్పటికే నాకు తెలుసు.

నన్ను చూడగానే ఆయన మిషన్ ఆపాడు. "ఏం మాష్టారూ, దారి తప్పారా? సినిమా మహిమా?"

"రెండూ అనుకోండి భాయ్" అన్నాను.

"హీరో చేతులు చూశారా? మీటలు నొక్కుతున్నాడా, చీమల్ని చంపుతున్నాడా? అయినా పోనీలెండి. వాడి పుణ్యమా అని మా ఇంట్లో కూడా నాకు విలువొచ్చింది."

లోపలి నుంచి ఆయన మనవరాలు టీ తెచ్చింది. కూతురి కూతురు. వీళ్ల దగ్గరే ఉండి డిగ్రీ చదువుతోంది. సినిమా చూసొచ్చిన దగ్గర్నుంచీ నేర్పించమని ఆయన ప్రాణం తీస్తోందట. ఆ పిల్లకి ఊహ తెలిసేటప్పటికే ఆయన కచేరీలు ఆగిపోయాయి. తాతగారు స్టేజీ మీద వాయించగా ఒక్కసారీ వినలేదు.

"ముందు విను, తర్వాత నేర్చుకుందువు అన్నానండి" అన్నాడాయన. "ఇంట్లో మూల కూర్చుని వాయిస్తే ఏం తెలుస్తుంది? జనం ముందు వినాలి. దీన్ని కూడా తీసుకురావచ్చా ఫంక్షన్‌కి?"

ఆ క్షణంలో నిజం చెప్పాల్సింది. "తప్పకుండా తీసుకురండి" అన్నాను. ట్రాక్ సంగతి చెబితే ఆయన రాడు. ఆయన రాకపోతే పామర్రు ఆయనకి ఇచ్చిన మాట పోతుంది. నేను ఆలోచించింది అంతవరకే. తర్వాత ఒకరోజు ఆయనే ఫోన్ చేసి, కొత్త తీగలు వేశాననీ, పాడే అమ్మాయి ఏ శ్రుతిలో పాడుతుందో చెబితే ఇంట్లో సాధన చేసుకుంటాననీ అన్నాడు. "అక్కడ చూసుకుందాం భాయ్" అని పెట్టేశాను.

పామర్రు ఫంక్షన్ హాల్లో మధ్యాహ్నం ముహూర్తం. ఆయన ఇస్త్రీ చేసిన షేర్వాణీలో వచ్చాడు. మనవరాలు ముందు వరసలో కూర్చుంది. ఆయన బ్యాంజో ఒళ్లో పెట్టుకుని, చెవి దగ్గరగా వంచి, బిరడాలు తిప్పుతూ శ్రుతి చేసుకుంటున్నాడు. నేను పక్కన గొంతుక్కూర్చుని చెప్పాను.

"శ్రుతి చెయ్యక్కర్లేదు భాయ్. ఈ పాటకి ట్రాక్ వేస్తాం. మీరు ఊరికే చేతులాడించండి చాలు."

ఆయన తల ఎత్తలేదు. "మరి మైకు పెట్టారుగా ముందు?"

"ఫోటోల్లో బాగుంటుందని పెట్టాం. కనెక్షన్ ఇవ్వలేదు."

ఆయన ముందు వరస వైపు చూశాడు. మనవరాలు చెయ్యి ఊపింది. ఆయన కూడా ఊపాడు. "సరే కానివ్వండి" అన్నాడు.

పాట మొదలైంది. ఆయన చేతులాడించలేదు, నిజంగానే వాయించాడు. జనానికి వినపడదు గానీ పక్కన నిలబడ్డ నాకు వినపడుతోంది. ట్రాక్ ఒక శ్రుతిలో, ఆయన బ్యాంజో ఇంకో శ్రుతిలో. ఆ రెండూ కలవక పాడే అమ్మాయి గాభరాగా నా వైపు చూసింది. నేను ఆయనకి సైగ చేశాను. తీగలు ముట్టుకోవద్దని అరచెయ్యి అడ్డంగా ఊపాను. ఆయన చూశాడు. కుడిచెయ్యి తీగల మీంచి తీసి గాల్లో ఆడించసాగాడు. ఎడమచెయ్యి కాసేపు మీటల మీద తిరిగి, అది కూడా ఆగింది. పాట మాత్రం ఆగలేదు. హాలంతా ఈలలు. పెళ్లికూతురి తండ్రి స్టేజీ ఎక్కి ఆయనకి శాలువా కప్పాడు. కుర్రాళ్లు ఆయన పక్కన నిలబడి సెల్ఫీలు తీసుకున్నారు.

భోజనాల దగ్గర ముగ్గురం ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం. మనవరాలు అడిగింది, "నానా, నువ్వు వాయించింది సరిగ్గా వినపడలేదేంటి?" వాళ్లింట్లో అమ్మ తండ్రిని నానా అంటారు.

ఆయన పప్పు కలుపుకుంటూ అన్నాడు. "మైకు పాడైంది బేటీ. కరెంటు వస్తువులు ఇంతే. ఏం మాష్టారూ?"

"అవునమ్మా" అన్నాను. "మైకు మోసం చేసింది."

ఆ తర్వాత ఆ పాట వీడియో చాలామంది ఫోన్లలోకి వెళ్లింది. ఆ బ్యాంజో పెద్దాయన కావాలని మరికొందరు అడిగారు. అలా చూస్తే సినిమా పని చేసినట్టే. మొదటి పిలుపు గురించి చెప్పడానికి ఫోన్ చేస్తే ఆయన, "నడుం నొప్పి మాష్టారూ, కూర్చోలేను" అన్నాడు. రోజంతా మిషన్ ముందు కూర్చునే మనిషి.

నాకు మనసాగక ఒక ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. ఆయన నమాజుకి వెళ్లాడట. మనవరాలు కుర్చీ వేసింది. బ్యాంజో నేర్చుకుంటున్నావా అమ్మా అని అడిగాను. లేదంది. ఎందుకని అడిగాను.

"ఆరోజు మైకు పాడవలేదుగా అంకుల్. నానా వేళ్లు ఆగిపోయాయి, పాట ఆగలేదు. నేను ముందు వరసలోనే ఉన్నాగా."

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"నాకు తెలిసిందని నానాకి చెప్పలేదు. నేర్పించమని అడిగితే పెట్టె బయటికి తియ్యాలి. తీస్తే ఆరోజు సంగతి వస్తుంది. మళ్లీ నాకోసం ఏదో ఒకటి చెప్పాలి. ఎందుకు పాపం ఆయనకి."

ఇంతలో ఆయన వచ్చాడు. నన్ను చూసి, "ఓ, మాష్టారు! ఈసారి ఏ సినిమా?" అన్నాడు. నేను నిలబడే, ఆ పిల్ల ఎదురుగానే మొత్తం చెప్పేశాను. ట్రాక్ అని ముందే తెలిసి పిలిచానని, మైకుకి కనెక్షన్ లేదని, తీగలు ముట్టుకోవద్దని సైగ చేసింది నేనేనని, భోజనాల దగ్గర మీ అబద్ధాన్ని వాడుకున్నానని. క్షమించండి భాయ్ అన్నాను.

ఆయన టోపీ తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. నా వైపు కాక గోడ వైపు చూస్తూ మాట్లాడాడు.

"చెప్పమని ఎవరడిగారండీ మిమ్మల్ని? అక్కడ మీ ఫంక్షన్ గడవాలని నోరు మూసుకున్నారు. ఇక్కడ మీ మనసు తేలికవ్వాలని నోరు విప్పారు. ఆరోజూ మీ పనే, ఇవాళా మీ పనే. మా ఇద్దరం ఏమైపోతామని ఒక్కసారైనా అనుకున్నారా?"

అనుకోలేదు.  క్షమాపణ అడగడం మంచి పనేనని నమ్మి ఆ గడప తొక్కాను. అది కూడా నాకోసమే అడిగానని ఆయన చెబితే గానీ తెలియలేదు.

మనవరాలు లేచి మంచం కింద నుంచి పెట్టె లాగింది. పైన దుమ్ము చున్నీతో తుడిచి ఆయన ముందు పెట్టింది.

"నాకు ముందే తెలుసు నానా. వాయించు."

"తీగలు వదులు చేసేశాను" అన్నాడాయన.

"అయితే బిగించు. నాకేం తొందర లేదు."

ఆయన చాలాసేపు ఆ పెట్టెనే చూశాడు. తర్వాత నన్ను చూశాడు. కోపం లేదు ఆ చూపులో, గదిలో అడ్డంగా ఉన్న కుర్చీని చూసినట్టు చూశాడు.

"ఈయన వెళ్లాక" అన్నాడు.

నేను నమస్కారం పెట్టి బయటికొచ్చాను. చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే స్కూటర్ స్టార్ట్ చేశాను. సందు చివర ఒక్క నిమిషం ఆగితే వినపడేదేమో. వినే హక్కు నాకు లేదనిపించి ఆగకుండా వచ్చేశాను.