లాంచీకి పెట్టిన లప్పం

మొన్న మా అల్లుడి కారుకు సొట్ట పడితే షెడ్డుకు నేనూ వెళ్లాను. మేస్త్రీ సొట్టలో లప్పం పెడుతూ, "రేపటికి గుర్తే కనపడదండీ" అన్నాడు. నేను నమ్మలేదు. ఎవరినైనా నమ్మడానికి నాకు కాస్త టైము పడుతుంది. కానీ ఆ లప్పంలోని థిన్నరు ఘాటు ముక్కుకు తగలగానే బందరులో మా కొత్త కాపురం గుర్తొచ్చింది.

దివిసీమను ఉప్పెన ముంచేసిన మరుసటి ఏడు అది. కృష్ణ రేవులో లాంచీ నడిపే మా నాన్న, లాంచీతో సహా ఆ నీళ్లలోనే పోయారు. ఒక్క ఫోటో కూడా మిగల్లేదు. మావారు బందరులో గుమాస్తా. ఐదింటికి ఆఫీసు వదిలితే ఏడింటికి ఇల్లు చేరేవారు. చొక్కా నిండా ఆ ఘాటే, గోళ్లలో బూడిదరంగు పిండి. అడిగితే, "లారీల షెడ్డులో సాయిబు గారితో మాట్లాడుతున్నా" అనేవారు. లారీ లేని మనిషికి అక్కడేం పని? తాగుడే అనుకున్నాను. మంచినీళ్లిచ్చే వంకతో దగ్గరికెళ్లి వాసన చూస్తే నోట్లో ఏమీ లేదు. దాంతో అనుమానం ఇంకా పెరిగింది. పైగా అన్నం తింటూ, "మీ నాన్నగారి లాంచీకి పక్కకు కిటికీలు నాలుగా, ఐదా?" అని ఆరా. "ఐదు" అని ముక్తసరిగా చెప్పాను. నాన్న సంగతి ఎత్తి నా నోరు మూయిస్తున్నారనిపించి, ఆ రోజు నుంచి మాట్లాడ్డం మానేశాను.

ఆదివారం ఆయన బజారుకు వెళ్లగానే స్టూలు వేసుకుని అటక వెతికాను. పాత పంచెలో చుట్టిన మూరెడు వస్తువు దొరికింది. సీసాయే అనుకుని గబగబా విప్పాను. చెక్కతో చేసిన లాంచీ. అతుకులు కనపడకుండా లారీల లప్పం మెత్తి ఉంది. పక్కకు ఐదు కిటికీలు, ముందు నాన్న నిలబడే గది. చూడ్డానికి ఆరినట్టే ఉంది. అయినా నమ్మకం లేక ఆ గది గోడను బొటనవేలితో నొక్కాను. పై పొర చిట్లి వేలు మెత్తగా దిగిపోయింది.

అప్పుడే ఆయన సంచీతో గుమ్మంలోకి వచ్చారు. "సాయిబు గారు పలచగా పూసి, ఆరాకే ఇంకో పూత వెయ్యమన్నారు. నువ్వు మాట్లాడ్డం మానేశావని తొందరపడి ఒకేసారి దట్టంగా మెత్తేశా" అన్నారు. సిగ్గూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి నాకు. "పూడ్చెయ్యనా?" అన్నారు. "వద్దండీ, ఉండనివ్వండి" అన్నాను.

మావారు లేరిప్పుడు. లాంచీ బీరువాలో ఉంది, ఆ తర్వాత ఆయన వేసిన నీలం రంగు వెలిసింది. షెడ్డు నుంచి రాగానే తీసి ఆ గుంటలో వేలు పెట్టి చూశాను. కీళ్లనొప్పులతో లావెక్కిన వేలు అందులో పట్టలేదు. ఇన్నేళ్లలో కాలం నా వేలిని మార్చింది గానీ, ఆనాటి నా అనుమానాన్ని మాత్రం అక్కడే గట్టిపరిచి ఉంచింది.