రెండోసారి నొక్కితే

అత్తగారు బస్‌స్టేషన్లో ప్రకటనలు చదివి రిటైరయిన మనిషి. ఏ బస్సు ఎక్కడికి పోతుందో ఊరందరికీ చెప్పిన గొంతు అది. పక్షవాతంతో ఆ గొంతూ పోయింది, కుడిచెయ్యీ పడిపోయింది. ఎడమచేతికి ముందునుంచే వణుకు.

కోడలు నీళ్ల బిల్లుల సాఫ్ట్‌వేర్ రాసే ఆఫీసులో పనిచేస్తుంది. వెతగ్గా వెతగ్గా, బొమ్మ నొక్కితే మాట పలికే ప్రోగ్రాం ఒకటి దొరికితే పాత టాబ్లెట్లో పెట్టింది. ఎక్కడెక్కడివాళ్లో కలిసి దాన్ని ఉచితంగా తయారుచేశారు. లోపలి కోడంతా అందరికీ కనబడుతుంది, చేతనైనవాళ్లు ఎవరైనా బాగుచెయ్యొచ్చు. గ్లాసు బొమ్మ నొక్కితే "మంచినీళ్లు" అంటుంది. కోడలి ఫొటో నొక్కితే "అమ్మాయ్" అని పిలుస్తుంది. కానీ అత్తగారి వేలు వణికి, ఒక్క గ్లాసుకి "మంచినీళ్లు మంచినీళ్లు మంచినీళ్లు" అని ఇల్లంతా మోగేది. ఆవిడకి సిగ్గేసి టాబ్లెట్ బోర్లించేసేది.

మాటలు నేర్పడానికి వచ్చే డాక్టరమ్మ కోడల్ని వంటింట్లోకి పిలిచి, "ఇది కూడా మానేశారంటే ఇక మాట్లాడాలన్న ఆశే పోతుందమ్మా" అంది.

కోడలికి భయం పట్టుకుంది. ఆ కంగారులో ప్రోగ్రాం పేజీలో "మీది పనికిమాలిన ప్రోగ్రాం" అని రాసిపారేసింది. దాన్ని చూసుకునే ఆయన ఎవరో, ఏ దేశంలో ఉంటాడో తెలీదు. ఆయన ఒప్పుకోందే అందులో ఒక్క అక్షరం మారదు గనక, ఫ్రిజ్‌లు బాగుచేసే భర్త ఆయనకి తాళాలాయన అని పేరు పెట్టాడు. తాళాలాయన తిట్టుని పట్టించుకోలేదు. ఏ టాబ్లెట్, ఏం చేస్తే ఏమవుతోంది, ఏం కావాలి అని అడిగాడు. ఆఫీసులో ఫిర్యాదులొస్తే తను అడిగే ప్రశ్నలే అవి. కోడలు నాలుక కరుచుకుని అన్నీ వివరంగా రాసింది. "మీరే దిద్ది పంపండి, చూస్తాను" అన్నాడాయన.

పంపింది. పనిలో పనిగా బొమ్మల రంగులూ, సైజులూ కూడా తన ఇష్టమొచ్చినట్టు మార్చేసింది. ఒకసారికి ఒక్క మార్పే అంటూ ఆయన వెనక్కి పంపాడు. మొహం మాడ్చుకుని రంగులు తీసేసి, ఒకే బొమ్మని వెంటవెంటనే నొక్కితే ఒక్కసారే పలికేలా చేసి మళ్లీ పంపింది. ఇంకో ప్రశ్న వచ్చింది: "కావాలనే రెండోసారి నొక్కేవాళ్ల సంగతేంటి? వాడేవాళ్లని అడిగారా?"

"కోడిగుడ్డు మీద ఈకలు పీకుతున్నాడు!" అని కోడలు ఒంటికాలిమీద లేచింది. "అలా ఎవరూ నొక్కరు" అని జవాబు పడేసి, తన మార్పుని అత్తగారి టాబ్లెట్లో పెట్టేసింది.

"మంచినీళ్లు" ఒక్కసారే వినిపించింది. కోడలి సంబరం ఇంతా అంతా కాదు. ఇంతలో భర్త తల్లికి మందు తాగించబోయాడు. ఆవిడ 'వద్దు' నొక్కింది. పలికింది. మళ్లీ నొక్కింది. పలకలేదు. గట్టిగా నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. ఆవిడ టాబ్లెట్‌ని అవతలికి తోసేసి గోడవైపు తిరిగిపోయింది.

"పలికింది కదమ్మా!" అన్న భర్త అంతలోనే ఆగిపోయాడు. "అవునుగానీ, మా అమ్మ ఏదైనా ఒక్కసారి చెప్పడం ఎప్పుడైనా విన్నావా? 'దయచేసి వినండి, దయచేసి వినండి.' నన్ను అన్నానికి పిలిచినా అంతేగా!"

కోడలికి గుర్తొచ్చింది. పెళ్లయిన కొత్తలో "అమ్మాయ్, అమ్మాయ్" అన్న పిలుపుకి ఎంత విసుక్కునేదో! ఇప్పుడు అదే పిలుపు కోసం ఏడుపొచ్చింది. ఆవిడ పక్కన కూర్చుంది.

"అత్తయ్యా, తప్పు నాదే. మిమ్మల్ని అడక్కుండా చేశాను. ఒక్కసారి నొక్కి చూపించరూ."

బతిమాలగా బతిమాలగా ఆవిడ నొక్కింది. వణుకువల్ల పడే నొక్కులు గబగబా ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి. కావాలని నొక్కేటప్పుడు మాత్రం వేలు పూర్తిగా పైకి లేచి, మైకు ముందు ఊపిరి తీసుకున్నంతసేపు ఆగి దిగుతోంది.

కోడలు రెండో నొక్కుని లెక్కచెయ్యని వ్యవధిని బాగా తగ్గించి, ఎవరికి కావలసినట్టు వాళ్లు మార్చుకునేలా పెట్టింది. "ఎవరూ నొక్కరన్నాను. నొక్కేవారు మా ఇంట్లోనే ఉన్నారు, క్షమించండి" అని తాళాలాయనకి రాసింది. ఆయన ఇంకేవో దిద్దమంటే ఈసారి మారుమాట్లాడకుండా దిద్దింది. మార్పుని ప్రోగ్రాంలో కలిపేశాడు. పనిచేసినవాళ్లలో ఆమె పేరు చేరుస్తానంటే, పరీక్షించినవారని అత్తగారి పేరు కూడా పెట్టమంది.

అత్తగారు మాత్రం టాబ్లెట్ ముట్టనేలేదు. కోడలు కొత్త మార్పు దాన్లో ఎక్కించి, ఆవిడ చేతికందేలా పెట్టి, బట్టలారెయ్యడానికి బాల్కనీలోకి వెళ్లింది. తడి దుప్పటి దులుపుతుంటే లోపలినుంచి వినిపించింది.

"అమ్మాయ్."

కోడలు కదల్లేదు. దుప్పటి పట్టుకుని అలాగే నిలబడింది.

"అమ్మాయ్."

"వస్తున్నా అత్తయ్యా, వస్తున్నా!"